వెలుతురుకు పథ్యం

పట్నంలో చూలై పేటలో, రేకు పెట్టెలు చేసేవాళ్ళ వీధిలో చెంగమ్మ చెప్పిన పథ్యం దాటిన మనిషి లేడు. ఎవరింట్లో పురుడొచ్చినా, పచ్చకామెర్లొచ్చినా ముందు ఆమెకే కబురు వెళ్ళేది. ఏం తినాలి, ఏం తినకూడదు, మందు మింగాక ఎన్నాళ్ళు వంకాయ ముట్టకూడదు, అన్నీ నోటికే చెప్పేది. ఎదురు చెప్పినవాళ్ళను ఒక్క చూపు చూసేది. ఆ చూపు తట్టుకోవడం కన్నా వంకాయ మానెయ్యడమే సుఖమని వీధి వీధంతా ఎప్పుడో తేల్చుకుంది.

అంతటి చెంగమ్మ ఇప్పుడు డాక్టరు శంకరనారాయణగారి ఆస్పత్రిలో, ముక్కు మీద నల్లద్దాలు పెట్టుకుని, బెంచీ అంచున ఒదిగి కూర్చుని ఉంది. ఎదురుగా కోడలి రక్తం గాజు గొట్టంలో పోతోంది.

కోడలంటే పరాయి పిల్ల కాదు. పంకజం ఆమె సొంత తమ్ముడి కూతురు. తల్లి పోయిన పసిగుడ్డును ఎత్తుకొచ్చి, తన చేత్తో ముద్దలు పెట్టి పెంచి, కొడుకు యతిరాజులుకు చేసుకుంది. పెట్టెల షెడ్డులో ఆ పిల్ల కాలికి రేకుముక్క గీసుకుంది. గీత ఎంతో లేదు. పసుపు అద్ది ఊరుకున్నారు. కొద్దిరోజుల్లోనే కాలు వాచిపోయి, ఒళ్ళు పెనంలా కాలింది. చీము విషం రక్తంలోకి ఎక్కిందన్నాడు డాక్టరు. పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. ఇక సల్ఫా మాత్రలే దిక్కయ్యాయి. వాటితో జ్వరం తగ్గినట్టే తగ్గి, ఒకచోట మొండికేసి నిలబడిపోయింది.

అప్పుడు డాక్టరు ఈ దీపం సంగతి ఎత్తాడు. అది ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన ఏడాది. ఆ యంత్రం ఆయన దగ్గరికి ఓడలో కొత్తగా వచ్చింది. చేతి నరం నుంచి కాస్త రక్తం తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి, ఊదారంగు దీపం ముందునుంచి పోనిచ్చి, మళ్ళీ నరంలోకే ఎక్కిస్తారు. విదేశాల్లో కొందరు డాక్టర్లు చేస్తున్నారనీ, మేలు జరిగిందని రాస్తున్నారనీ, తను మాత్రం పూచీ పడలేననీ, మాత్రలకు తోడుగా చేసి చూద్దామనీ దాపరికం లేకుండా చెప్పాడు.

"డాక్టరయ్యా, ఒంట్లోంచి బయటికొచ్చిన నెత్తురు మళ్ళా లోపలికి పోవచ్చునా?" అని అడిగింది చెంగమ్మ.

"ఇంకొకరిది కాదు కదమ్మా. ఆ పిల్లదే."

"ఆ పిల్లదే అయినా ఊరు చూసొచ్చినట్టు గదా!"

డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు. కళ్ళకు దెబ్బ తగలకుండా అందరికీ నల్లద్దాలు పెట్టించాక దీపం వెలిగింది. ముదురు ఊదారంగు వెలుతురు గాజులో పారే రక్తం మీద పడింది. చెంగమ్మ తెలిసిన దేవుళ్ళకందరికీ మొక్కుకుంది.

ఇంటికి చేర్చిన ఆ సాయంత్రమే పంకజం కళ్ళు తెరిచి, "అత్తా, ఆకలేస్తా ఉండాది," అంది.

చెంగమ్మకు ప్రాణం లేచొచ్చింది. మిరియాల చారు కలిపిన అన్నం పిల్ల నోట్లో పెడుతూ, దీపాన్ని కనిపెట్టిన ఆ పేరు తెలియని దొరను నిండు నూరేళ్ళు బతకమని దీవించింది.

అసలు తప్పు అక్కడే జరిగింది. మాత్రలు మానొద్దని డాక్టరు చెప్పాడు. చెంగమ్మ విన్నది కూడా. కానీ ఆమె పథ్యానికి మొదటి నియమం ఒకటుంది. ఒక మందు ఒంట్లో పనిచేస్తుంటే ఇంకో మందు లోపలికి పోకూడదు. పోతే రెండూ పోట్లాడుకుని మనిషిని నంజుకు తింటాయి. నాటు వైద్యులందరూ చెప్పే మాటే అది. అంత గొప్ప వెలుతురు రక్తంలో తిరుగుతుంటే ఈ సుద్దముక్కల్లాంటి మాత్రలు దానికి అడ్డుపడవూ? పైగా మాత్ర మింగినప్పుడల్లా పిల్ల కడుపులో తిప్పి విలవిల్లాడేది. పాపం, కుర్ర డాక్టరుకు పథ్యాలేం తెలుసునని జాలిపడి, చెంగమ్మ మాత్రలను కాగితంలో మడిచి కొంగున ముడేసుకుంది. కొడుకు అడిగితే, "వేసినాలేరా," అంది.

మర్నాడు పంకజం తేటగానే ఉంది. ఆ తర్వాతి రోజు తెల్లవారేసరికి వణుకు పట్టుకుంది. పిక్క మీద ఎర్రటి చార మోకాలి దాకా పాకింది. పిలిస్తే పలకలేదు.

చెంగమ్మ మరిది తిరువేంగడం వీధి కొసనుంచే అరుస్తూ వచ్చాడు. "నేనప్పుడే చెప్పలా? నెత్తురు బయటికి తీసి దీపంలో కాల్చినారు. ఇంక ఆ డాక్టరు మొగం చూడొద్దు. తిరుత్తణి కాడ నాకు తెలిసిన ఒకాయన ఉండాడు, పసరు కట్టు కడతాడు. జట్కా తెచ్చినా, ఎక్కించండి. రైలందుకుందాము."

యతిరాజులు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఆమా, నిజమే చిన్నాయనా. నాకప్పుడు బుద్ధి లేకపాయె. ఇంక ఆ గడప తొక్కేది లేదు," అని భార్యను ఎత్తుకోబోయాడు.

వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. వాళ్ళందరూ చెంగమ్మ మాట వేదమని నమ్మినవాళ్ళే. ఆమె నోరు మూసుకుంటే చాలు, నింద దీపం మీదికి పోతుంది. ఇన్నేళ్ళ పరువు చెక్కుచెదరదు. పిల్ల మాత్రం ప్రాణంతో తిరుత్తణి చేరదు. ఆ సంగతి చెంగమ్మకు లోలోపల తెలిసిపోయింది. ఇంతమందిలో ఎట్లా చెప్పడమని ఒక్క క్షణం, ఒక్క క్షణమే, వెనక్కి తగ్గింది. కొడుకు చేతుల్లో పంకజం తల వాలిపోవడం చూసింది.

"దీపాన్ని అనొద్దండి," అంది పెద్దగా. "మాత్రలు నేనే ఆపినా."

చెంగమ్మ కొంగు ముడి విప్పి మాత్రలు చూపించింది.

"ఏమ్మా... ఎందుకు చేసినావు ఇట్ట?" అన్నాడు యతిరాజులు.

"రెండు మందులు కలవగూడదని చేసినాన్రా. నా మిడిమేలం. తిట్టేది తర్వాత తిట్టుదువు, కొట్టేదైనా కొట్టు. ముందు దీన్ని డాక్టరు కాడికి తీసకపో. జట్కా ఈడనే ఉండాది గదా, కదులు!"

తిరువేంగడం ఏదో అనబోయాడు. వదినగారు ఆయన్ను పక్కకు నెట్టి పిల్ల కాళ్ళు పట్టుకుంది.

డాక్టరు సంగతి విని మండిపడ్డాడు. "ప్రాణం మీదికి తెచ్చారు కదమ్మా!" అని అందరి ముందూ కసిరి లోపలికి పరుగెత్తాడు. కాలి వాపు మీద గాటు పెట్టి చీము తీశాడు. సెలైను పెట్టాడు, కాస్త తెలివి రాగానే మాత్రలు పొడి చేసి తాగించాడు, దీపం మళ్ళీ వెలిగించాడు. చెంగమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరో కాఫీ తెచ్చిస్తే ముట్టలేదు.

చాలాసేపటికి డాక్టరు వచ్చి ఆమె పక్కనే బెంచీ మీద కూలబడ్డాడు. కోపం దిగిపోయింది.

"చెంగమ్మగారూ, మీరు పథ్యం చెప్పకుండా ఎవరికైనా మందిస్తారా?"

"ఎట్టిస్తాము సామీ?"

"నేనిచ్చాను. అది నా పొరపాటు. ఇప్పుడు చెబుతున్నా వినండి. ఈ వెలుతురుకు పథ్యం ఆ మాత్రలు. మాత్ర తప్పితే పథ్యం చెడినట్టే. ఈ దీపం ఎంత మేలు చేస్తుందో నాకే పూర్తిగా తెలియదు. మాత్రలు చేసే మేలు మాత్రం తెలుసు. దీపం తోడు వచ్చేదే, బండి లాగేది మాత్రలు."

చెంగమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఈ మాట మొదుట్లోనే చెప్పుంటే నేను ప్రాణం పోయినా తప్పనిత్తునా డాక్టరయ్యా!"

ఆ తర్వాత ఆస్పత్రివాళ్ళకు చెంగమ్మ పథ్యమంటే ఏమిటో తెలిసొచ్చింది. మాత్ర వేళ కాకముందే ఆమె గుమ్మంలో నిలబడేది. నర్సు కోకిల ఒకసారి కాస్త ఆలస్యంగా వస్తే ఆ చూపు చూసింది. పాపం కోకిల మళ్ళీ ఆలస్యం చేయలేదు. మాత్రతోపాటు నీళ్ళు బాగా తాగాలన్నారని చెంబు ఖాళీ అయ్యేదాకా పిల్లను వదిలేది కాదు. ఎర్రచార మెల్లగా వెనక్కి తగ్గింది. ఒక ఉదయం పంకజం నుదురు చెమటతో చల్లగా తగిలింది. జ్వరం మళ్ళీ రాలేదు. దీపమా, మాత్రా, కత్తా అని ఇంట్లో ఎవరూ వాదన పెట్టుకోలేదు.

ఇంటికి వచ్చాక, తల దువ్వించుకుంటూ పంకజం మెల్లగా అంది. "నువ్వు మాత్రలు ఇయ్యలేదని నాకు తెలుసత్తా."

చెంగమ్మ చేతిలో దువ్వెన ఆగింది. "తెలిసి అడగలేదేమే?"

"నువ్వు చేసేదాన్ని ఎట్టడిగేది?"

డాక్టరు కసిరినప్పుడు కూడా చెంగమ్మకు అంత తగల్లేదు. ముద్దలు పెట్టి పెంచిన పిల్ల చావు ముంగిట నిలబడి కూడా తనను ఒక్క మాట అడగలేకపోయింది. తను పెంచిన తీరు అది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇంకమీద అడగాల," అంది, మళ్ళీ దువ్వుతూ. "నేనయినా సరే, ఎవురయినా సరే. ఎందుకని అడగాల."

పంకజం తలూపింది. చెంగమ్మకు నమ్మకం కుదరలేదు.

కొన్నాళ్ళకు పిల్ల గోడ పట్టుకుని నడవసాగింది. ఒకనాటి పొద్దున చెంగమ్మ నల్లటి కషాయం కాచి గ్లాసులో తెచ్చింది. పంకజం అలవాటుగా అందుకుని పెదవుల దాకా తీసుకెళ్ళి ఆగింది. అత్త ముఖంలోకి చూసింది. చూపు దించుకుంది. మళ్ళీ చూసింది.

"ఇది... ఎందుకత్తా?"

చెంగమ్మ చెప్పబోయి తడుముకుంది. "ఎందుకో నాకూ తెలీదే. మాయమ్మ ఇచ్చేది, నేనూ ఇస్తా ఉండాను."

"అట్టయితే నాకొద్దత్తా," అని పంకజం గ్లాసు కింద పెట్టింది.

చెంగమ్మకు ఏడుపు పొంగుకొచ్చింది. పిల్లను గట్టిగా కావలించుకుని, షెడ్డులో రేకుల మోతను మించి కేక పెట్టింది.

"ఒరే రాజులూ! బిడ్డ నాతోనే వద్దని చెప్పిందిరా!"