గంటకు ఒక్క నిమిషం ముందు

కొత్త యూనిఫాం చొక్కా మెడ వెనకున్న లేబుల్‌ను బ్లేడుతో ఒక్కో కుట్టే తెంపుతోంది తల్లి. దారప్పోగు ఒక్కటి మిగిలినా, ఏడో తరగతి చదివే కూతురు ఆ చొక్కా విప్పి విసిరికొడుతుంది. ఐదు చొక్కాలకి గంటన్నర పట్టింది. ఈ ఇంట్లో ఎవరి దృష్టిలోనూ అది పని కాదు. "ఖాళీగానే ఉన్నావుగా" అంటారు.

ఆ ఖాళీ మనిషి ముందుకే భర్త స్కూలు కాగితం తోశాడు. కూతుర్ని వేరే సెక్షన్‌కి మార్చడానికి ఒప్పుకుంటూ సంతకం చేయాలి. "పెట్టి పడేయ్. స్కూలు గొడవలన్నీ నీవేగా!"

గొడవేమిటంటే, ఆటిజం ఉన్న ఆ పిల్లకి పన్నెండేళ్లకి మొట్టమొదటిసారి ఒక స్నేహితురాలు దొరికింది. ఆ అమ్మాయికీ ఆటిజమే. అత్తగారైతే నుదురు కొట్టుకుంది. "ఒకదానితోనే వేగలేక చస్తుంటే, దానికి తోడు ఇంకోటా! ఇద్దరూ చేరితే ఇంకా ముదురుతుందమ్మాయ్." నిజమేనేమోనని తల్లికీ భయమే. అయినా ఒకసారి కళ్లారా చూశాకే సంతకం పెడతానంది.

మర్నాడు భోజనాల వేళ స్కూలుకి వెళితే, క్లాస్ టీచర్ వరండా చివరికి చూపించింది. పిల్లలిద్దరూ వీపుకి వీపు ఆనించి కూర్చున్నారు. "చూశారా? ఒకరితో ఒకరికి మాటా లేదు, పలుకూ లేదు. ఉన్నట్టుండి ఇద్దరూ చెవులు మూసుకుంటారు, అదో ఆట. విడదీస్తేనే మామూలు పిల్లలతో కలుస్తారండీ."

కూతురు తనకిష్టమైన బస్సు నంబర్లు వరసగా చెప్పుకుపోతోంది. రెండో పిల్ల చూపు చేతి గడియారం మీదే ఉంది. హఠాత్తుగా వీపుతో రెండుసార్లు నెట్టింది. ఇద్దరూ చెవులు మూసుకున్నారు. ఏమిటిదని తల్లి అయోమయంగా చూస్తుండగానే, నిమిషం తిరక్కుండా నెత్తిమీద గంట గణగణా మోగింది. కూతురు ఉలిక్కిపడలేదు. అరవలేదు. మోత ఆగాక వీపుకి మళ్లీ చిన్న తోపు తగిలింది. చేతులు దించి, ఆపిన నంబరు దగ్గర్నుంచే అందుకుంటూ కూతురు లేచింది.

ఒకటో తరగతి నుంచీ గంట మోగితే చాలు, ఆ పిల్ల కేకలు పెట్టి నేలమీద పడిపోయేది. తల్లిగా తనేం చేసింది? "చెవులు మూసుకోకే, నలుగురూ చూస్తున్నారు" అని వెయ్యిసార్లు ఆ చేతులు లాగి కిందికి దించింది. తిరగని డాక్టరు లేడు, పడని మాట లేదు. గంట కొట్టబోతున్నారని ముందుగా చెబితే సరిపోతుందని కన్నతల్లికే తట్టలేదే! టీచర్ చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేసింది.

సాయంత్రం భర్త గుమ్మంలోనే అడిగాడు. "సంతకం పెట్టావా?"

"లేదు. పెట్టను."

"అదేం పంతమే?" అత్తగారు అందుకుంది. "పిల్ల మామూలు మనుషుల్లో కలవొద్దా?"

"పద్నాలుగేళ్లుగా నేను మామూలు మనుషుల మధ్యే ఉన్నానత్తయ్యా. నాకెక్కడ నొప్పో ఒక్కరూ కనుక్కోలేదు. దానికి కనుక్కునే మనిషి దొరికింది. నా చేత్తో విడదీయను."