తిరగేసిన కోటు

నాంపల్లి స్టేషను దగ్గరి లాడ్జి డాబా మీద సౌభాగ్య దుప్పట్లు పిండుతోంది. పొద్దుటి నుంచి నీళ్ళు రాక, వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. మూడంతస్తుల దుప్పట్లూ ఒక్కసారే మీద పడ్డాయి. ఇంతలో కింది నుంచి మేనేజరు జనార్దన్ కేక.

“సౌభాగ్యా, జర కిందికి రా! నీ కొడుకు కంప్యూటర్ల కనబడుతుండు!”

ఆమె చేతిలోని దుప్పటి తొట్టిలోకి జారిపోయింది. కిందటేడు నగరంలో బాంబులు పేలినప్పటి నుంచి నెట్ సెంటర్లలో గుర్తింపు కార్డు అడుగుతున్నారు. మొన్న కొడుకు కిషన్ అందుకే రేషన్ కార్డు పట్టుకుపోయాడు. ఆనాటి నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. కార్డు ఎందుకు అడుగుతారు, తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడానికి కాకపోతే? ఎవరి కాళ్ళు పట్టుకుంటే బిడ్డ బయటపడతాడో ఆలోచించుకుంటూనే మెట్లు దిగింది.

కౌంటరు మీది తెరలో కిషన్ క్లారినెట్ వాయిస్తున్నాడు. ఒంటిమీద ఉన్నది పెళ్ళి బ్యాండు కోటే, కాని తిరగేసి తొడుక్కున్నాడు. ఎర్ర మఖమలు లోపలికి పోయి, మాసిన లోపలి అస్తరు పైకొచ్చింది. ఎడమ భుజం కింద ఆకుపచ్చ గుడ్డముక్క. అది తన పాత చీర కొంగులోది. అస్తరు చిరిగితే తనే అతుకేసింది.

“ఏం జేసిండు సార్? పోలీసులు అడిగిన్రా?”

“పోలీసులేంది నీ మొకం! పాట వాయిస్తుండు. నాలుగు వేల మంది చూసిన్రట.”

“నాలుగు వేలా? ఎవలెవలు సార్?”

“నాకేం ఎరుక? దునియల ఉన్నోళ్ళు.”

జనార్దన్ నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆ నాలుగు వేల మందిలో భూమయ్య సేఠ్ ఒక్కడుంటే చాలు.

భూమయ్యది పెళ్ళి బ్యాండు. కిషన్ ఆయన దగ్గరే పెళ్ళి ఊరేగింపుల్లో వాయిస్తాడు, బరాత్‌కి రెండు వందలు. కిషన్ తండ్రీ చచ్చేదాకా అక్కడే వాయించాడు. పెళ్ళివారు మెచ్చుకుని ఎవరయ్యా నువ్వని అడిగితే, “భూమయ్య బ్యాండు” అనే చెప్పాలి. సొంత పేరు చెప్పకూడదన్నది ఆ కొట్టు రివాజు. ఊపిరితిత్తులు పాడై అతను దవాఖానలో పోయిన రోజున కూడా పక్క మంచాలవాళ్ళు ‘ఆ బ్యాండాయన’ అనే అన్నారు. అతను మిగిల్చింది క్లారినెట్ ఒక్కటే. కోటు సేఠ్‌ది. కొట్టు వెనక వాళ్ళుండే గదీ సేఠ్‌దే. దాని కిరాయికి బదులు బ్యాండు మొత్తం కోట్లు సౌభాగ్య ఉతికి, చిరుగులు కుట్టి, గుండీలు వేసి పెట్టాలి.

పని వదలగానే ఆబిడ్స్‌కి పరుగులాంటి నడక నడిచింది. పెద్ద పోస్టాఫీసు పక్క సందులో, నెట్ సెంటర్లో కిషన్ దొరికాడు.

“ఇంటికి నడువ్ ముందు. అదంత బందు చేయించు!”

“జర కూసో అమ్మా. గంటకు పదిహేను రూపాయలు కట్టిన, ఇంక టైమున్నది.” పక్క కుర్చీ లాగాడు. “గిది ఆర్కుట్. ఫలానా పాట కావాల్నని గీడ రాస్తరు. అది నేర్చుకొని, అడిగినోళ్ళ పేరు చెప్పి మరీ వాయిస్త. ఇగ వాళ్ళు మురిసిపోయి దోస్తులందరికి చూపెడ్తరు. ఆ దోస్తులు ఇంకో పాట అడుగుతరు.”

ఒక్క పాట వీడియో నెట్‌లోకి ఎక్కించడానికే గంట పడుతుందట. నడుమ కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి. ఆ డబ్బుల కోసం వాడు మధ్యాహ్నం తిండి మానేస్తున్నాడు.

“అందుకేనా గిట్ల బక్కగైనవ్?” ఆమెకు ఇదో కొత్త దిగులు. వాళ్ళ నాన్నకూ ముందు ఒళ్ళే తగ్గింది.

“చూడు, దుబాయిల ఉండేటాయన రాసిండు. ‘పచ్చ గుడ్డ భయ్యా, ఆ అతుకు ఎవలు కుట్టిన్రు?’ అని. ‘మా అమ్మ సౌభాగ్య కుట్టింది’ అని జవాబిచ్చిన.”

“నా పేరు ఎందుకు రాసినవ్ రా!” ఆమె చుట్టూ చూసింది. ఎవరూ వినలేదు. “కోటు తిరగేసుడేంది మరి?”

“ఇంకో మంచి అంగి యాడుంది? సీదగ తొడిగితే ఛాతి మీద కుట్టిన సేఠ్ పేరు కనబడ్తది. వాయించింది నేను గద.”

“మనకెందుకు బిడ్డా ఈ పేరు? రేపు గది పోతే యాడుంటం?”

కిషన్ కంప్యూటరు కట్టేసి ఆమె వెంట నడిచాడు.

ఇంటికొచ్చేసరికి భూమయ్య కుట్టుమిషను ముందరి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కోపంగా లేడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

“ఖైరతాబాద్ పెళ్ళిపార్టీ ఒకాయన వచ్చిండు సౌభాగ్యా. నా బ్యాండు వద్దట. కోటు తిరగేసిన పిలగాడు ఒక్కడే కావాల్నట. నా కొట్ల నిలబడి నన్నే అడుగుతుండు!”

“తెల్వక చేసిండు సేఠ్. తీసేస్తడు.”

“తీసుడెందుకు? మంచిగనే నడుస్తుంది గద, నడవనియ్యి.” జేబులోంచి జరీతో బ్యాండు పేరు, ఫోను నంబరు కుట్టిన గుడ్డపట్టీ తీసి మిషను మీద పెట్టాడు. “ఆ పచ్చ గుడ్డ పీకి, ఆడ్నే గిది కుట్టు. ఇగ కోటు ఎట్ల తొడిగినా నా పేరే కనబడాలె. కంప్యూటర్ల గూడ వాని పేరు తీసి నాది పెట్టుమను. ఇయ్యాల రాత్రి బరాత్ కదిలే లోపల కుట్టి ఇయ్యి. లేకుంటే పొద్దుగాల సామాను సదురుకోన్రి.”

“సేఠ్...” అన్నాడు కిషన్.

“నీతోని కాదు, మీ అమ్మతోని మాట్లాడుతున్న. మీ అయ్య ఎన్నడన్న నా ముందట గిట్ల నోరు లేపిండా?” అని వెళ్ళిపోయాడు.

సౌభాగ్య కోటు తిరగేసి ఒళ్ళో వేసుకుంది. ఒకరకంగా గుండె కుదుటపడింది. చిన్న కుట్టుపని. దీంతో గది నిలుస్తుంది, కూలీ నిలుస్తుంది. బ్లేడు తీసుకుని పచ్చగుడ్డ మొదటి కుట్టు కింద పెట్టింది.

కిషన్ గోడకు ఆనుకుని క్లారినెట్ తుడుస్తున్నాడు.

“ఏమన్న అనరాదురా.”

“ఏమనాలె? నువ్వు కుడితే తొడుక్కుంట.”

బ్లేడు కదల్లేదు. లాడ్జిలో ఇచ్చే పద్నాలుగు వందలతో బయట గది తీసుకుంటే తినేదేమిటి? సేఠ్ మాట కాదన్నవాణ్ణి ఇంకో బ్యాండువాడు రానిస్తాడా? ఒక్కో భయమూ వచ్చి పక్కన కూర్చుంది, ఏదీ లేచిపోలేదు. అయినా ఎక్కడో దుబాయిలో, మొహం తెలియని మనిషి ఈ అతుకును చూసి ఎవరు కుట్టారని అడిగాడు. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఈ కోట్లు కుడుతోంది. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

బయట బరాత్ లైట్లు మోసే ఆడవాళ్ళు వరుస కడుతున్నారు. జనరేటరు దడదడమని మొదలైంది.

“అయిందా సౌభాగ్యా?” తలుపవతల భూమయ్య గొంతు.

ఆమె కోటును పచ్చగుడ్డ పైకి వచ్చేలా మడిచింది. జరీ పట్టీని దాని మీద విడిగా పెట్టి, రెండూ తీసుకుని తలుపు తెరిచింది.

“కుట్టలే సేఠ్. నేను కుట్ట.”

“ఏంది?”

జనరేటరు మోతలో వినపడలేదు కాబోలు. మళ్ళీ చెప్పాలంటే మొదటిసారి కన్నా ఎక్కువ భయమేసింది.

సౌభాగ్య మళ్ళీ నోరు తెరిచింది.