తోమిన తుపాకీ

“ఎంత పాతదైనా సరే, పిల్లలు పడుకునే ఇంట్లో తుపాకీ ఉండకూడదు,” అని ఐరీన్ మూడోసారి అంది.

“యాంటిక్ అది, ఐరీన్. గోడకి తగిలించుకునే బొమ్మ,” అన్నాడు ఆమె భర్త ఐవన్.

అది 1994 మార్చి. ఉమ్‌హ్లాలి చెరకు తోటల్లో కూలీల మీద సర్దారుగా పనిచేసిన ఐవన్ తాత ఆ జర్మన్ రైఫిల్‌ని కూతురు పైడమ్మకు వదిలిపోయాడు. ఆమెతోపాటే అది షాల్‌క్రాస్‌లోని కొడుకు ఐవన్ ఇంటికి వచ్చింది. తగువు తేల్చడానికి ఐవన్, తుపాకులు బాగుచేసే క్లేటన్‌ని పిలిచాడు.

క్లేటన్ ముందు లోపల తూటా లేదని చూసుకున్నాడు. ఇనుము మీద కిరీటం గుర్తు, డాన్‌జిగ్, 1904 అన్న అక్షరాలు మసకగా కనిపించాయి. జర్మన్ సైన్యానికి చేసిన మౌజర్ రకం రైఫిల్ అన్నాడు. నంబర్లు మాత్రం చాలావరకు చెరిగిపోయాయి.

“దీన్నెవరు ఇలా రుద్దారు?” అని ఇంగ్లీషులో అడిగాడు.

“నేనే. చర్చిలో చేరేదాకా ఏటా ఆయుధపూజకి చింతపండు, బూడిద పెట్టి తోమితిని,” అంది పైడమ్మ. “మా నాయన తోమమనె.”

“బిందెలాగ తోమేసినావా, మా?” ఐవన్ తల పట్టుకున్నాడు.

“గుర్తులు చెరిగాక పాత తుపాకులు సేకరించేవాళ్లు ఎవరూ దీన్ని ముట్టరు,” అన్నాడు క్లేటన్. గొట్టంలోకి టార్చి వేసి చూశాడు. “లోపల మాత్రం శుభ్రంగా ఉంది. తూటా పెడితే ఇవాళే పేలుతుంది.”



సాయంత్రం భోజనాల ముందు ప్రార్థన అయ్యాక, పైడమ్మ పప్పు వడ్డిస్తూ అందరితో చెప్పింది.

“సోమవారం దాన్ని పోలీసులకి ఇచ్చేస్తా. ఐవన్, నువ్వు కారు తియ్యి.”