అది వయసు సార్

మందుల కంపెనీ నేర్పిన మాటల్లో దాని ప్రతినిధి నల్లసంచికి బాగా కలిసొచ్చిన మాట ఒకటే. కొత్త బీపీ మాత్ర వేసుకుంటే పెద్దవాళ్లకు తల తిరుగుతోందేమిటని ఏ డాక్టరైనా అడిగితే, చిన్నగా నవ్వి "అది వయసు సార్" అనాలి. వాదించకూడదు, కంగారుపడకూడదు. ఆ నవ్వు కోసం ప్రత్యేకంగా శిక్షణ పెట్టి, భోజనాలు కూడా పెట్టారు.

అతని అసలు పేరు ఏ ఆసుపత్రిలోనూ ఎవరికీ తెలియదు. ముందు సంచి వచ్చేది, వెనక మనిషి వచ్చేవాడు. అతని పాలిట కల్పవృక్షం పెద్ద డాక్టరు. ఆయన గదిలో గోడ గడియారం మొదలుకొని బల్ల మీది పెన్ను దాకా అన్నిటి మీదా కంపెనీ పేరే. "నన్నెవరూ కొనలేరయ్యా" అని ఆయన గర్వంగా అనేవారు. నిజమే, కొనే అవసరం ఎవరికీ రాలేదు. అడక్కుండానే ఆ మాత్ర రాసేవారు.

నల్లసంచి పొరుగూరు వెళ్లినప్పుడు వాళ్లమ్మకు బీపీ పెరిగింది. తమ్ముడికి తెలిసిన చోటు కదా, బాగా చూస్తారని అక్క ఆవిడను పెద్ద డాక్టరు దగ్గరికే తీసుకెళ్లింది. ఆయన బాగానే చూశారు. ఏళ్ల తరబడి వాడుతున్న పాత మాత్ర మాన్పించి కొత్తది రాశారు.

నల్లసంచి తిరిగొచ్చేసరికి అమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ మర్నాడే స్నానాల గదిలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"ఆ మాత్ర మానెయ్యమ్మా."

"పెద్ద డాక్టరు గారు రాశార్రా. నువ్వేమైనా డాక్టరువా?"

"నేను అమ్మేదే అమ్మా అది!"

"మంచిది కాబట్టే కదరా అమ్ముతున్నావు?"

ఈ ప్రశ్నకు శిక్షణలో జవాబు నేర్పలేదు. పెద్ద డాక్టరు చెబితే తప్ప మాననని అమ్మ భీష్మించుకుంది. ఇక చేసేది లేక, సంచి ఇంట్లో పెట్టి, అమ్మను వెంటబెట్టుకుని రోగుల వరసలో కూర్చున్నాడు.

సంచి లేని నల్లసంచిని డాక్టరు పోల్చుకోలేదు. ఆవిడ చేతి కట్టు చూశారు, తల తిరుగుడు సంగతి విన్నారు. తర్వాత చిన్నగా నవ్వి, "అది వయసమ్మా" అన్నారు. అచ్చం తను నేర్పిన నవ్వే. ఇన్నాళ్లకు దాన్ని రోగుల వైపు నుంచి చూసిన నల్లసంచికి ఒళ్లు మండిపోయింది.

"వయసు కాదు సార్, మాత్రే. పాతదే నయం."

"ఎవరన్నారు?"

"నేనే అంటున్నాను సార్."

"ఆధారం?" అంటూ డాక్టరు సొరుగు లాగి, తళతళలాడే పుస్తకం ఒకటి తీసి అతని ముందు పరిచారు. నల్లసంచి ఇచ్చిందే. అట్ట మీద ముసలావిడ నవ్వుకుంటూ మెట్లెక్కుతోంది. "ఇది చదువు. చదువుకున్నవాడివి, దారిన పోయేవాళ్ల కబుర్లు నమ్ముతావేం?"

"చూశావా?" అంది అమ్మ.

ఆయనకు నిజం ఎక్కదని, మర్యాదలే ఎక్కుతాయని నల్లసంచికి తెలియనిది కాదు. నేరుగా పోటీ కంపెనీ ప్రతినిధి సెంటుబాబు దగ్గరికి వెళ్లాడు. ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. సెంటుబాబు కంపెనీ ఆ పాత మాత్రనే కొత్త పెట్టెలో పెట్టి అమ్ముతోంది.

"పెద్ద డాక్టరు గారికి సముద్రమంటే ప్రాణం. అక్కడేదైనా సదస్సు పెట్టి, మేడమ్ గారిని కూడా పిలవండి. ఆయన మీవాడైపోతాడు."

"నీ డాక్టర్ని నాకు అప్పగిస్తున్నావా? ఇందులో ఏదో మతలబుంది."

"ఉంది. మా అమ్మ ఉంది."

డాక్టరు దంపతులు సముద్రం చూసొచ్చారు. వచ్చీ రాగానే డాక్టరు గారు అమ్మ చీటీ మార్చేశారు. కొద్ది రోజుల్లోనే ఆవిడ గోడ వదిలేసింది. "డాక్టరంటే ఆయనరా!" అని కొడుక్కి బుద్ధి కూడా చెప్పింది. మంచి డాక్టరును పోగొట్టుకున్నందుకు నల్లసంచికి మేనేజరు చేత చీవాట్లు పడ్డాయి.

తర్వాత సంచితో వెళితే పెద్ద డాక్టరు గది గోడకు కొత్త గడియారం ఉంది.

"ఏమయ్యా, నీ మాత్రతో పెద్దవాళ్లకు తల తిరుగుతుందట! సదస్సులో మహామహులు చెప్పారు. ఇన్నాళ్లుగా వస్తున్నావు, ఒక్క మాట చెప్పలేకపోయావా?"

చెప్పానని అందామనుకున్నాడు. అంతకుముందు ఎన్నిసార్లు ఏం చెప్పాడో గుర్తొచ్చి సంచి తీసుకుని బయటపడ్డాడు.

పక్క వీధిలో ఒక డాక్టరమ్మ గది బయట ఎవరి అమ్మో గోడ పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ వస్తోంది. నల్లసంచి దారిచ్చి, లోపలికి వెళ్లి పుస్తకం తెరిచాడు.

"ఈ మాత్ర వేసుకుంటే తల తిరుగుతోందంటున్నారండీ, నిజమేనా?" అని అడిగింది డాక్టరమ్మ.

తలుపు అవతల గోడ మీద చెయ్యి రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. నవ్వు మాత్రం చెక్కుచెదరకుండా దానంతటదే వచ్చేసింది.

"అది వయసు మేడమ్" అన్నాడు.