ఒక ఆదివారం ఖాళీగా వెళ్లాను

నేను ఒక రేకు డబ్బాని. మూత మీద సొట్ట, పక్కన రెండు మాట్లు, ఎంత కడిగినా పోని తవుడు వాసన. నా కథ తీరుబడిగా చెప్పడం లేదు, ఒళ్లు మండి చెబుతున్నాను. ఆ సంగతి ముందే మనవి చేసుకుంటే నాకూ మీకూ మంచిది.

రేపల్లె సంతలో మస్తాన్ సాయిబు అని మాట్లు వేసే ఆయన, పాత నూనె రేకు కత్తిరించి, మడిచి, అంచులకు టంకం పెట్టి నన్ను చేశాడు. కొత్తగా కాపురానికొచ్చిన సువార్తమ్మ నన్ను చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. ఆ రోజు నుంచి నలభై ఒక్క ఏళ్లు ఆవిడ పొయ్యి పక్కనే ఉన్నాను.

వాళ్ల క్రైస్తవపేటలో ఆడవాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కన పెడతారు. అది దేవుడి గుప్పెడు. ఆదివారం ఎవరి డబ్బా వాళ్లు గుడికి తీసుకెళ్లి ప్రసంగపీఠం ముందు పెట్టి వస్తారు. అందరూ చేసేదే. సువార్తమ్మ మాత్రం ప్రతి గుప్పెడుకీ ఒక పేరు పలికేది. "ఇది మా దేవసహాయానికి ప్రభువా, చదువబ్బేట్టు చూడు" అని కొడుకు పేరున ఒకటి. మనవరాలు కెజియా పుట్టాక ఆ పిల్ల పేరున ఒకటి. పక్కింటి గేదె ఈనలేక అవస్థ పడుతుంటే దానికీ ఒకటి! నాట్లకెళ్లి వంగిన నడుము, ఒరుసుకుపోయిన వేళ్లు. అయినా గుప్పెడు మాత్రం ఎన్నడూ చిన్నది కాలేదు. వండుకునే బియ్యమే తగ్గిపోయేది. అలాంటి పూట ఆవిడ గంజి తాగి పొలానికి పోయేది.

ఇక నా కోపం సంగతి.

దేవసహాయానికి పదేళ్లప్పుడు, ఒక కార్తీకంలో తుపాను వచ్చి చేలన్నీ మునిగాయి. పనుల్లేవు. వెనక సందులో కోటేశ్వరి అని ఒక బాలింత ఉండేది. మొగుడు ఇటుక బట్టీకని పోయాడు, కబురు లేదు. ఆమె పొయ్యి రెండు రోజులుగా వెలగలేదు, చంటిదానికి పాలు పడటం లేదు. సువార్తమ్మ కుండలో గింజ లేదు. ఉన్నదల్లా నాలో ఉన్న దేవుడి బియ్యం. అది శనివారం. తెల్లారితే నేను గుడికి పోవాలి.

ఆవిడ నన్ను పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత వెనక సందులోకి వెళ్లి నన్ను కోటేశ్వరి గిన్నెలో బోర్లించింది. అడుగు తట్టి మరీ బోర్లించింది.

మర్నాడు ఏం చేసిందనుకున్నారు? ఇంట్లో ఉండిపోవచ్చు. ఒంట్లో బాగా లేదనొచ్చు. నోట్లో నాలుక లేని మనిషే గానీ, అబద్ధం ఆవిడకి బొత్తిగా చేతకాదు. ఖాళీగా ఉన్న నన్ను తెచ్చి నిండు డబ్బాల మధ్య పెట్టింది. సంఘపెద్ద ఏసురత్నం నన్నెత్తి ఊపి చూశాడు.

"ఇదేంటమ్మా, ఖాళీది తెచ్చావ్?"

"బాలింత పస్తులుందయ్యా. కోటేశ్వరికి పోశాను."

"ఎవరూ, ఆ పోలేరమ్మకి పొంగళ్లు పెట్టే మనిషికా? దేవుడి భాగం తీసుకెళ్లి విగ్రహాలకి మొక్కేదానికి పోశావా?"

"ఆకలికి అయ్యన్నీ తెలవ్వు గదయ్యా" అంది సువార్తమ్మ.

ఆకలిగొన్నవాళ్లకి పెట్టమని వాళ్లు వారంవారం చదువుకునే పుస్తకంలోనే ఉంది. కానీ పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు, ఏడాది పాటు ఆవిడకి ప్రభువు బల్ల లేదని. నెలకోసారి అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే వేళ ఆవిడ చాప మీద చేతులు ముడుచుకుని కూర్చోవాలి. పన్నెండుసార్లు ఆ పళ్లెం ఆవిడ ముందు ఆగకుండా పోయింది. పన్నెండుసార్లూ నేను చూశాను. నన్ను చేసింది సాయిబని తెలిసుంటే నాకేం తీర్పు చెప్పేవాళ్లో! ఇంతకీ ఆ ఏడాది నాలోని బియ్యం వద్దని మాత్రం ఎవరూ అనలేదు. బియ్యానికి బహిష్కారం లేదు కాబోలు.

అన్నిటికంటే నాకు మండేది ఇది. ఆ ఏడాదే ఏసురత్నానికి పచ్చకామెర్లు వచ్చాయి. సువార్తమ్మ నెల్లాళ్లు "ఇది ఏసురత్నంగారికి ప్రభువా, లేపి నిలబెట్టు" అంటూ గుప్పెడు వేసింది. లేచాడు, నిలబడ్డాడు, ఇంకా నిలబడే ఉన్నాడు! ఒక్కనాడు తిట్టిపోయరాదా తల్లీ అని నేను లోలోపల కుతకుతలాడాను. కోపం ఆవిడకి రాదు. ఆవిడ వంతు కూడా నేనే పడ్డాను.

మొన్న వేసవిలో ఒకనాడు ఆవిడ పొద్దున గుప్పెడు వేసి, మధ్యాహ్నం చాప మీద ఒరిగి, ఇక లేవలేదు. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నట్టు, పోయినవాళ్లని తలుచుకుని గుడిలో జరిపే ఆదరణ కూడిక నాటికి ఆవిడ మహా భక్తురాలైపోయింది. కొత్త గుడిలో నాకు అద్దాల పెట్టె చేయించారు. "విశ్వాసపు డబ్బా" అని పలక రాయించారు. తల్లికి గౌరవమని దేవసహాయం మురిసిపోయి నన్ను తన చేతుల్తోనే అందులో పెట్టాడు. ఖాళీగా పెట్టాడు. ఇక మీదట నన్ను చూస్తారట, నాలో ఏమీ వెయ్యరట.

ఏసురత్నం కర్ర ఊతంగా లేచి గొంతు సవరించుకున్నాడు. "ఈ తల్లి విశ్వాసం ఎట్టాంటిదంటే, నలభై ఏళ్లలో ఒక్క ఆదివారం కూడా ఈ డబ్బా ఖాళీగా రాలేదు!"

నాకు నోరుంటే గుడి కప్పు లేచిపోయేది. నా బదులు వెనక వరసలో ఒక ముసలామె లేచింది. కోటేశ్వరి. కొంగు చివర ఏదో మూటకట్టి పట్టుకుంది.

"ఒక్క ఆదివారం ఖాళీగా వచ్చిందయ్యా. ఆ బియ్యం నేనే తిన్నా. నాకు పోసినందుకు అక్కని ఏడాది మీ బల్ల కాడికి రానీలేదు. మర్చిపోయావా?"

కెజియా తండ్రి వైపు తిరిగింది.

"నిజమేనా నాన్నా?"

దేవసహాయం తల దించుకున్నాడు. ఆ ఏడాది చాప మీద తల్లి పక్కన కూర్చున్నది వాడే.

కెజియా వచ్చి అద్దం తలుపు తీసింది.

"అమ్మాయ్, అది సంఘానికిచ్చేసిన వస్తువు" అన్నాడు ఏసురత్నం.

"నాయనమ్మ కూడా సంఘానిదేగా తాతగారూ. అప్పుడెందుకు వద్దన్నారు?"

నన్ను తీసుకుని నేరుగా వెనక వరసకి నడిచింది. కోటేశ్వరి కొంగు ముడి విప్పింది. బియ్యం. గుప్పెట్లోకి తీసుకుని, నాలో వేసే ముందు ఆగింది.

"మీ నాయనమ్మ ఏదో పేరు అనేది గదమ్మా?"

"అవునమ్మమ్మా. ఎవరిదైనా అనొచ్చు."

"సువార్తమ్మక్కకి" అంది కోటేశ్వరి.

నలభై ఒక్క ఏళ్లలో గేదెకు కూడా గుప్పెడు పడింది. ఆ పేరున పడటం అదే మొదలు.

ఇప్పుడు కెజియా వంటగదిలో ఉన్నాను. ఆ పిల్లా గుప్పెడు వేస్తుంది, పేరు పలుకుతుంది. శనివారం శనివారం నన్ను ఏ ఇంటి పొయ్యి వెలగలేదో ఆ ఇంట్లో బోర్లించి వస్తుంది. ఏసురత్నం మంచం పట్టాడని కిందటి వారం కబురొచ్చింది. నాయనమ్మ అయితే ఆ పూటే ఆయన పేరున ఒక గుప్పెడు వేసేది. కెజియా ఇంకా వెయ్యలేదు. నేనూ గుర్తు చెయ్యను.