ఎర్నమ్మ పాఠాలు మోసిన డిస్క్

పెట్టె మూత విప్పితే తప్ప కనిపించని బతుకు నాది. నేను ఒక హార్డ్‌డిస్క్‌ని. నా కడుపులో పళ్ళేలు గిర్రున తిరుగుతుంటే, సన్నని ముల్లొకటి వాటిమీద రాస్తూ, రాసింది చదువుతూ ఉంటుంది. నేను పుట్టిన కర్మాగారంలో ముసుగు లేకుండా నన్నెవరూ ముట్టుకోలేదు. విజయనగరం ఫొటో స్టూడియోకి వచ్చాక పకోడీ చేతులతో ముట్టుకున్నారు.

అక్కడ ఆరేళ్ళు పెళ్ళిళ్ళు మోశాను. మనుషులు ఒక్కో పెళ్ళికి రెండువేల ఫొటోలు తీయించుకుంటారు, నలభై ఏరుకుంటారు, మిగిలినవి చెరపమంటే మాత్రం గుండెలు బాదుకుంటారు. స్టూడియో వాళ్ళు నాకంటే పెద్ద డిస్కు కొనుక్కుని, నన్ను తుడిచి, బధిర బాలికల బడిలో కంప్యూటర్ మాస్టారు పైడిరాజుకి ఇచ్చేశారు.

బొబ్బిలి దాటాక ఉంటుంది ఆ బడి. నాలాంటి పాతకాపులు ఇంకో ఇద్దరిని అతను అప్పటికే సంపాదించాడు. ఎవరికైనా ఊరికే దొరికే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఒక పాత కంప్యూటర్ పెట్టెలో ఎక్కించి, మా ముగ్గురినీ కలిపి ఒకే నిల్వగా చేశాడు. హెడ్‌మిస్ట్రెస్ తులసమ్మగారు అదేమిటని అడిగారు.

"పెళ్ళిపందిరి లాంటిదండి మేడమ్. చుట్టాలు ఎక్కువైతే ఇంకో రాట పాతి పొడిగించీడమే. కింద కూకున్నోళ్ళని లేపక్కర్నేదు."

ఒక రాట విరిగితే పందిరంతా కూలుతుందన్న సంగతి మాత్రం చెప్పలేదు. రెండో కాపీ తీసి పెట్టాలని అతనికి తెలుసు. వచ్చే ఆదివారం తీద్దామనుకుంటూ ఏడాది గడిపాడు.

ఆ ఏడాదంతా ఎర్నమ్మ టీచరు కెమెరా ముందు నిలబడి పదో తరగతి సైన్సు మొత్తం సైగల్లో చెప్పింది. ఆమె కూడా పుట్టుకతో వినలేనిదే. ఆమె వేళ్ళు కదిలితే ఆమ్లాలు పొంగేవి, గుండె కొట్టుకునేది. పాఠాలు పెరిగినకొద్దీ పైడిరాజు రెండు కమాండ్లు కొట్టి మా నిల్వని సాగదీసేవాడు. చివరి పాఠమైన వారానికి ఎర్నమ్మ మెట్లమీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పరీక్షలు పదిరోజుల్లో ఉన్నాయి. పిల్లలకు ఇక ఆ వీడియోలే టీచరు.

సరిగ్గా అప్పుడే నాకు ఒళ్ళు చెడింది. ముల్లు తడబడసాగింది. 'టిక్... టిక్' మని ఎంత మొత్తుకున్నా ఆ గదిలో వినేవాళ్ళెవరు? మేమున్న ఆ పెట్టే నా సంగతి అతనికి రోజూ ఈమెయిల్లో ఉత్తరం రాసేది. పైడిరాజు ఆ ఉత్తరాలు తెరిస్తేగా!

ఒక మధ్యాహ్నం ఎర్నమ్మ కట్టుకట్టిన చెయ్యి ఆనించుకోవడానికి నా పెట్టె పక్కన కూర్చుని, ఎడమచెయ్యి పెట్టెమీద వేసింది. మరుక్షణం ఆమె ముఖం మారింది. పైడిరాజును లాక్కొచ్చింది.

"ఏటండీ? ఫ్యాన్ హోరుకి నాకేటీ వినపడ్డం నేదే," అన్నాడతను, నోటితోనూ చేతులతోనూ.

ఆమె విసుగ్గా అతని అరచెయ్యి పట్టుకుని పెట్టెకి అదిమింది. ఒకటి. రెండు. మూడోసారి నేను తడబడగానే అతనికి సంగతి అర్థమైంది. స్క్రీన్ ముందు కూలబడి ఆ ఉత్తరాలన్నీ ఒక్కసారిగా చదివాడు. తులసమ్మగారు పరుగున వచ్చారు.

"ఆపీకూడదా, పైడిరాజూ?"

"ఆపితే మళ్ళీ తిరుగుతాదో నేదో చెప్పలేనండి. నడుస్తుండగానే దీన్లోది తీసీయాల. తప్పు నాదేనండి మేడమ్, కాపీ తియ్యలేదు."

"తిట్లు తరవాత తిందువుగాని. ముందు పని చూడు."

అతను సైకిలు మీద ఇంటికెళ్ళి తన సొంత కంప్యూటర్లోని డిస్కు ఊడదీసి తెచ్చాడు. దాన్ని ఖాళీ చేసి, మా గుంపులో చేర్చి, నాలో ఉన్నదంతా అందులోకి జరగమని ఆజ్ఞ ఇచ్చాడు. పక్కగదిలో పిల్లలు పాఠం చూస్తూనే ఉన్నారు. వాళ్ళ కాళ్ళకింద నేల మారుతోందని వాళ్ళకు తెలియదు.

పది శాతం. నలభై. డెబ్బై ఒకటి దగ్గర ఆగిపోయింది.

అది ధ్వని పాఠం ఉన్న చోటు. జన్మలో ఒక్క చప్పుడూ విననామె, గిన్నెలో నీళ్ళు కదిలించి ధ్వని తరంగాలు నేర్పిన పాఠం. నా ముల్లు పళ్ళెంమీద ఆ పాఠం రాసున్న గీత కోసం వెళ్ళి, దొరక్క వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. పైడిరాజు గోళ్ళు కొరికాడు. ఎర్నమ్మ పెట్టెమీంచి చెయ్యి తీయలేదు. నాకు భయమంటే ఏమిటో అప్పుడే తెలిసింది. పదకొండోసారి ఆ గీత దొరికింది.

డెబ్బై రెండు.

నూరు నిండాక అతను నన్ను గుంపులోంచి తప్పించాడు. ఆ సాయంత్రమే అన్ని పాఠాలకూ రెండో కాపీ తీశాడు. తర్వాత తులసమ్మగారు మాటిచ్చినట్టే తిట్టారు, ఎర్నమ్మ కూడా ఒంటిచేత్తోనే బాగా తిట్టింది.

ఆ ఏడు పదో తరగతి పిల్లలు పదకొండుమందీ సైన్సు గట్టెక్కారు.

వేసవి తర్వాత పైడిరాజు నా మరలు విప్పి, ఒక పళ్ళెం సైన్సు గదిలో పెట్టాడు, కాంతి పరావర్తనం చూపించడానికి. అంత నున్నని అద్దం ఆ బడిలో ఇంకోటి లేదు. పిల్లలు పళ్ళు చూసుకోవడానికి కొట్టుకుంటూంటే తులసమ్మగారు వచ్చి, "ఇదేటి, సంతా?" అని చేతులతో గద్దించారు. పళ్ళెం లాక్కున్నారు. అందరూ బిక్కచచ్చి నిలబడ్డారు. ఆవిడ అందులోకి ఒకసారి చూసి, బొట్టు సరిచేసుకుని, పళ్ళేన్ని తిరిగి ఇచ్చేస్తూ వేళ్ళతో చెప్పారు: "వరసలో రండి."