తాబేలు తలకు నాలుగు నియమాలు

టెక్కలిలో జరిగే మహిళల కబడ్డీ పోటీలకు ప్రేక్షకులు తల మీద ఏమి పెట్టుకుని రావచ్చో నిర్ణయించే బాధ్యత ఈ ఏడాది నా మీద పడింది. పలాస చుట్టుపక్కల ముప్పై రెండేళ్లు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి గనుక ఎత్తులూ బరువులూ నాకు తెలుస్తాయని నిర్వాహక సంఘం కార్యదర్శి సోములు భావించాడు.

కారణం లేకపోలేదు. గత ఏడాది గ్యాలరీ పైమెట్టు నుంచి ఒక హెల్మెట్ దొర్లి కింద కూర్చున్న స్కోరర్ భుజానికి తగిలింది. అందుచేత ఈసారి పోలీసులు ఒకే షరతు మీద అనుమతి ఇచ్చారు: గ్యాలరీలోకి హెల్మెట్లు రాకూడదు. బండ్ల మీద వచ్చేవారితో చిక్కు లేదు, బండి దగ్గరే తగిలించి వస్తారు. చిక్కంతా వేషగాళ్లతోనే. మా పోటీలకు ప్రతి ఊరి అభిమానులూ ఏదో ఒక వేషంలో వస్తారు. పలాసవాళ్లు జీడిపండ్లు, నిమ్మాడవాళ్లు వరికంకులు, బారువవాళ్లు సముద్రపు తాబేళ్లు. ఆ తలకాయలలో సగం పాత హెల్మెట్ల మీద కట్టినవే.

నేను నాలుగు నియమాలు రాశాను. తలమీది వస్తువు చేత్తో నొక్కితే అణగాలి. దాని ఎత్తు జానెడు దాటకూడదు. వెనుక కూర్చున్నవారు ఎవరు అడిగినా, కారణం అడగకుండా తీసి ఒడిలో పెట్టుకోవాలి. జాతీయగీతం పాడేటప్పుడు కదలకుండా నిలబడాలి. గీతం సమయంలో అందరూ తల మీదివి తీసేయాలని రాయమన్నాడు సోములు. నేను ఒప్పుకోలేదు. పొలంలో పెద్దలు ఎదురైతే తలగుడ్డ తీసి భుజాన వేసుకోవడం మర్యాద; మసీదుకు వెళ్లేవారు టోపీ పెట్టుకోవడమూ మర్యాదే. మర్యాద నిలబడే తీరులో ఉంటుందని చెప్పాను. "సరే, మీ ఇష్టం. తగువొస్తే మిమ్మల్నే పిలుస్తాం" అన్నాడతను.

ఫైనల్‌కు రెండు రోజుల ముందు తగువు కాశీబుగ్గలోని మా ఇంటికే వచ్చింది. బారువ జాలరి కుర్రవాడు కామేశ్, వాడి చెల్లెలు భవాని. కామేశ్ చేతిలో గోనెసంచి, అందులో తాబేలు తల. మోటారు సైకిల్ హెల్మెట్‌కు చిరిగిన వల ముక్కలు అంటించి, ఆకుపచ్చ రంగు పూసి, ముందు థర్మోకోల్ ముక్కు తగిలించాడు. పనితనం బాగుంది.

"దీన్నొక్కదాన్నీ ఒగ్గీండి మాస్టారూ. పైమెట్టు ఎక్కను, కిందే కూకుంటాను."

"నొక్కితే అణగదు కదా, బాబూ. గుడ్డతో కుట్టుకో."

"ఎవులు నొక్కుతారండి? తల నాది!"

భవాని నవ్వు ఆపుకుంది. బారువ జట్టులో కూతకు వెళ్లేవాళ్లలో ఆమే ముఖ్యురాలు. ఫైనల్ చూడడానికి జిల్లా జూనియర్ జట్టును ఎంపిక చేసే ముగ్గురు వస్తున్నారు. ఈ ఏడాదితో ఆమెకు జూనియర్ వయసు దాటిపోతుంది. ఎంపికైతే ఇప్పుడే కావాలి, తర్వాత లేదు.

"ఈ తల పెట్టుకుని ఎల్లిన నాలుగు ఆటలూ గెలిసినాం మాస్టారూ. సంక్రాంతి ముందర ఇది రంగుల కొట్టులో ఉండిపోనాది, ఆ ఒక్కటీ ఓడిపోనాం. మరి దీనికేటంటారు?"

అయిదు ఆటలు చాలవని చెప్పాను. రూపాయి బిళ్లను అయిదుసార్లు ఎగరేస్తే నాలుగుసార్లు బొమ్మ పడడం వింత కాదని, అది బిళ్ల మహిమ కాదని వివరించాను.

"అలగైతే ఆ బిళ్లే ఎగరేసి కూకోండి, మా సెల్లి పేరు లిస్టులోకి వచ్చీవరకూ" అన్నాడు కామేశ్.

"నోరుముయ్యన్నా. మాస్టారు గుడ్డతో కుట్టుకోమంటన్నారు, కుట్టుకో" అంది భవాని.

కుట్టుకున్నాడు. ఫైనల్ రోజు గేటు దగ్గర నేనే కొలిచాను. పాత లుంగీ గుడ్డలో కొబ్బరిపీచు కూరి చేసిన తల. నొక్కితే అణిగింది. ఎత్తు నా జానకు సరిగ్గా సరిపోయింది.

"నా జానకైతే ఇంకా రెండు వేళ్ల సోటుందండి" అన్నాడు తన చెయ్యి చాపి. లోపలికి పంపాను.

ప్రత్యర్థి నిమ్మాడ జట్టు. గ్యాలరీలు మైదానానికి రెండు కొసల్లోనే ఉన్నాయి. కామేశ్ నిమ్మాడ అమ్మాయిలు నిలబడే కొస వెనుక, మూడో మెట్టు మీద కూర్చున్నాడు. నియమాలు ఎలా అమలవుతున్నాయో చూడడం నా పని కాబట్టి అతని వెనుక మెట్టు మీద నేనూ కూర్చున్నాను. నా పక్కన నిమ్మాడ నుంచి వచ్చిన పెద్దతల్లి అనే వృద్ధురాలు, మనవరాలి ఆట చూడడానికి వచ్చింది.

"ఓరి తాబేలూ, మీ పిల్లలు గీత దాటీసరికి మాపిటేల అవుతాది గాని, ఇంటికెల్లి నిద్దరోరా" అందామె.

"నిద్దరోతే మీ వోళ్లు ఓడిపోడం ఎవులు సూత్తారు మామ్మా?" అన్నాడతను వెనక్కి తిరక్కుండానే.

సగం ఆట అయింది. జట్లు కొసలు మార్చుకున్నాయి. కామేశ్ లేచి, గబగబా మైదానం చుట్టి, నిమ్మాడ జట్టు ఇప్పుడు నిలబడిన కొసకు వెళ్లి కూర్చున్నాడు. సొంత జట్టు వెనుక కూర్చోవడం అభిమానుల అలవాటు. ఇతను రెండు సగాల్లోనూ ప్రత్యర్థి వెనుకే కూర్చోవడం నాకు ప్రశ్నగా తోచింది. నేనూ వెళ్లి అతని వెనుక కూర్చున్నాను.

అప్పుడు గమనించాను. పట్టడానికి నిలబడిన అమ్మాయిలు చేతులు వెనక్కి పెట్టుకుని వేళ్లతో ఒకరికొకరు సైగ చేసుకుంటారు. కూతకు వచ్చిన మనిషికి అవి కనిపించవు, వెనుక కూర్చున్నవారికి స్పష్టంగా కనిపిస్తాయి. ఎడమ మూల నుంచి పట్టబోతున్నారని సైగ పడగానే తాబేలు ముక్కు ఎడమకు తిరుగుతోంది. భవాని ఆ మూలను వదిలి రెండో వైపు వెళుతోంది. నియమాల కాగితం వెనుక గీతలు పెట్టాను. ఎనిమిది కూతలలో ఏడుసార్లు ముక్కు చెప్పినట్టే జరిగింది. అదృష్టం అనుకున్నదానికి కారణం దొరికింది. నాకు సంతోషం కలిగిందని దాచను.

వెంటనే భయమూ కలిగింది. బయటి నుంచి సైగలు అందుకోవడం పోటీల్లో నిషిద్ధం. రిఫరీ కంటపడితే ఆ పాయింట్లు కొట్టేస్తాడు. ఎంపిక చేసే ముగ్గురి కంటపడితే భవాని పేరు లిస్టులోకి రాదు. వారిలో ఒకావిడ ఇప్పటికే రెండుసార్లు తలెత్తి మా గ్యాలరీ వైపు చూసింది.

ఇక ఒక్క కూతకే సమయం ఉంది. నిమ్మాడ ముప్పై, బారువ ఇరవై ఏడు. భవాని గీత దగ్గరికి వచ్చి మోకాలి మీద మట్టి దులుపుకుంటోంది. నేను ముందుకు వంగాను.

"బాబూ, ఆ తల తీసి ఒళ్లో పెట్టుకో."

అతను ఉలిక్కిపడ్డాడు. "ఇప్పుడా? ఏటి మాస్టారూ, అడ్డమొచ్చినాదా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అడ్డం రాలేదు. నీ ముక్కు ఎటు తిరుగుతోందో చూస్తున్నాను. ఇంకొకరు కూడా చూస్తున్నారు."

అతని మెడ బిగుసుకుంది. తర్వాత రెండు చేతులతో ఆ గుడ్డతలను తీసి ఒడిలో పెట్టుకున్నాడు. జుట్టంతా కొబ్బరిపీచు.

"సెల్లి గాని దొరికిపోతే మీ మీదే నా ఉసురు" అన్నాడు మెల్లగా.

భవాని కూత పెడుతూ గీత దాటింది. కుడి మూలకు వెళ్లినట్టే వెళ్లి, భుజం వంచి, ఎడమ వైపు మళ్లింది. ఒకమ్మాయి మోకాలు తాకింది. చీలమండ పట్టుకోవడానికి వంగిన ఇంకొకతె వీపు తట్టి వెనక్కి దూకింది. కాలి బొటనవేలు గీత మీద పడింది. రెండు పాయింట్లు. వెంటనే ఆఖరి విజిల్ మోగింది. ఇరవై తొమ్మిది, ముప్పై. బారువ ఓడిపోయింది.

కామేశ్ దిగి వెళ్లిపోయాడు.

అరగంట తర్వాత మైకులో జిల్లా జట్టు పేర్లు చదివారు. నాలుగో పేరు భవానిది. మైదానం బయట సోడాబండి దగ్గర అన్నాచెల్లెళ్లు కనిపించారు. జరిగింది చెప్పక తప్పదనిపించింది; వెళ్లాను.

"సూసినారా మాస్టారూ, ఒక్క పాయింటు. ఆ తల ఉంటే మూడు తెచ్చీసేది" అన్నాడు కామేశ్.

తీయించినది నేనేనని, ఎందుకు తీయించానో, ఎనిమిదింట ఏడు లెక్కతో సహా భవానికి చెప్పాను. ఆమె సోడా తాగుతూ విని, సీసా బండి మీద పెట్టింది.

"నాను సూడను మాస్టారూ."

"ఏమిటి చూడవు?"

"అన్న ముక్కు. మొదటి ఆటలో సూసినాను. అది తిరిగీసరికే ఆలీసమైపోతాది. వాళ్లు ఎనకాల సేతేళ్లు కదిపితే ముందల భుజం దిగుతాది. ఆ భుజం సూసి ఎల్తాను."

ఒకే కారణం నుంచి రెండు ఫలితాలు పుట్టాయి. వేళ్ల సైగ అన్న మెడనూ తిప్పింది, ప్రత్యర్థి భుజాన్నీ దించింది. ఆ రెండు ఫలితాలలో ఒకదాన్ని రెండోదానికి కారణమని తేల్చేశాను. పిల్లలకు ఏటా చెప్పిన పాఠమే. అయిదు ఆటలు చాలవని కామేశ్‌కు చెప్పినవాణ్ణి ఎనిమిది కూతలతో తృప్తి పడ్డాను. ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

"నాది తప్పమ్మా. నువ్వు సైగలు తీసుకుంటున్నావని అనుకున్నాను" అన్నాను.

"పోనీండి. తీసీసి మంచి పనే సేసినారు. ఎవులైనా సూస్తే మీలాగే అనుకుందురు."

కామేశ్ ఇంకా ఆ మాట దగ్గరే ఉన్నాడు. "సూడవా? మరి నాకు సెప్పొద్దా? ఇన్ని ఆటలు మెడ ఇలగా అలగా తిప్పీసి, రాత్రుల్లు నొప్పికి అమ్మ సేత నూని రాయించుకుంటన్నాను గదే!"

"సెప్తే నువ్వు మానీసి సేపల ఏటకెల్లిపోతావు. అప్పుడు మనింటోళ్లు ఎవులుంటారు నాకు?"

అతను గుడ్డతలను చంకలో పెట్టుకున్నాడు.

"మరి జిల్లా ఆటలకి నాను రావాలా, వద్దా?"

"రా. కింద మెట్టు మీద కూకో. పైన కూకుంటే నీ అరుపు ఇనిపించదు" అంది భవాని.